థ పొట్టలో చుక్క

అమలాపురం గడియార స్తంభం సెంటర్‌కి కూతవేటు దూరంలో ఒక చిన్న డీటీపీ షాపుంది. మాఘమాసం ముహూర్తాలూ అంతర్వేది తీర్థమూ ఒకేసారి మీదపడే రోజుల్లో అక్కడ కుర్చీ ఖాళీ ఉండదు. నేను వెళ్లేసరికి పాత పద్దెనిమిదిన్నర అంగుళాల మానిటర్ మూలకి జరిగింది. దాని చోట ఇరవై ఏడంగుళాల 4కె మానిటర్ కొత్త పెళ్లికొడుకులా కూర్చుంది. కంపోజింగ్ చేసే ఆయన మాత్రం ముక్కు తెరకి ఆనించి రథోత్సవం కరపత్రం దిద్దుతున్నాడు.

"ఆయ్, బొమ్మలు చూస్తే అద్దంలో చూసినట్టున్నాయండి. మ్యాటరు కొట్టబోతే అంతా మసకండి. కళ్లజోడు నంబరు మారిందేమోనని డాక్టరు గారి దగ్గరికి కూడా వెళ్లొచ్చాను. కళ్లు శుభ్రంగానే ఉన్నాయన్నారు."

నేనూ వంగి చూశాను. రథోత్సవంలో 'థ' పొట్టలో చుక్క ఉందో లేదో తేల్చడం నా వల్ల కాలేదు. ద, ధ, థ మూడింటికీ ఒళ్లు ఒకటే. కింద చిన్న గీత తగిలితే ధ, దానికి పొట్టలో చుక్క కూడా పడితే థ. ఆ చుక్క కాస్తా బూడిదరంగు మరకై పొట్టంతా పరుచుకుంది. అసలే రథాన్ని 'రధం' చేసే అలవాటు మనవాళ్లకి ఎప్పట్నుంచో ఉంది. తెర కూడా వంత పాడితే ఇక దిద్దేదెవరు? ఆ రోజు నుంచి ఈ మసక గురించి నేను చదివిందీ, నలుగుర్ని అడిగిందీ, నా బల్ల మీద ప్రయత్నించి చూసిందీ ఇక్కడ ఒకచోట చేరుస్తున్నాను.

ముందు కాస్త లెక్క. పద్దెనిమిదిన్నర అంగుళాల పాత తెర మీద అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలుంటాయి. అంటే అంగుళానికి 85. ఇరవై నాలుగు అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరకి 92. పదిహేనున్నర అంగుళాల ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్‌కి 141 దాకా వస్తాయి. మన షాపాయన కొన్న ఇరవై ఏడంగుళాల 4కెలో 163. పాత చుక్క వెడల్పు 0.3 మిల్లీమీటర్లైతే కొత్త చుక్క దాదాపు అందులో సగం, 0.16 మిల్లీమీటర్లు. అరవై సెంటీమీటర్ల దూరం నుంచి మంచి చూపున్న కన్ను విడదీసి చూడగలిగేది సుమారు 0.17 మిల్లీమీటర్లు. కాబట్టి ఈ తెర మీద విడి చుక్క కంటికి ఆనకూడదు, అక్షరం అచ్చులో పడ్డట్టు నిలబడాలి. ఫొటోల విషయంలో అలాగే జరుగుతోంది కూడా. అక్షరం దగ్గరికి వచ్చేసరికే ఎదురు తిరిగింది.

దీనికి మూలం 96 అనే అంకెలో ఉంది. అచ్చు లెక్కలో అంగుళానికి 72 పాయింట్లు. తొలినాటి మెకింతోష్‌లు తెర మీద కూడా అంగుళానికి 72 చుక్కలే లెక్క కట్టాయి. కాగితం కంటే తెరని కాస్త ఎడంగా పెట్టుకు చూస్తాం కనక అక్షరం మూడో వంతు పెద్దగా ఉండాలని మైక్రోసాఫ్ట్ వాళ్లు 96 పట్టుకున్నారు. ఆ లెక్కన 12 పాయింట్ల అక్షరానికి 16 చుక్కలు, మెనూల్లో కనిపించే 9 పాయింట్ల అక్షరానికి 12 చుక్కలు. చాలా ఏళ్లపాటు బజార్లోకొచ్చిన తెరలన్నీ అటూఇటూగా ఆ కొలతకే ఒదిగాయి. దాంతో ప్రోగ్రాములు రాసేవాళ్లకి అదో కొలత అన్న సంగతే మరుపున పడింది. బటన్ వెడల్పు ఇన్ని చుక్కలు, పెట్టె ఎత్తు ఇన్ని చుక్కలు అని లోపల రాసి పడేశారు. అలా రాసిన ప్రోగ్రాముని 163 చుక్కల తెర మీద ఉన్నదున్నట్టు తెరిస్తే అక్షరాలు చీమలబారు అయిపోతాయి.

విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఈ చిక్కుకి మందు మొరటుగా ఉండేది. సెట్టింగుల్లో 96ని 120 చేసుకుంటే అక్షరాలు పెరిగేవి. పెట్టెలు పెరిగేవి కావు. మాట సగంలో తెగేది, 'ఓకే' బటన్ కిటికీ అంచు దాటి కనపడకుండా పోయేది. 2007 జనవరిలో విస్టా వచ్చినప్పుడు వేరే ఉపాయం పన్నారు. చుక్కల లెక్క తనకి తెలుసని ప్రోగ్రాము ముందే విండోస్‌కి చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే, "తెర 96 చుక్కలదే, నువ్వు నీ పని చేసుకో" అని విండోస్ దానికో అబద్ధం చెబుతుంది. అది అమాయకంగా చిన్న బొమ్మ గీసి ఇస్తుంది. విండోస్ ఆ బొమ్మని సాగదీసి తెర మీద పరుస్తుంది.

ఈ పని ఎలాంటిదో కోనసీమలో ఏ ఫ్లెక్సీ షాపులో అడిగినా చెబుతారు. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పది అడుగుల ఫ్లెక్సీ కావాలంటాడు కుర్రాడు. వాట్సాప్‌లో నాలుగు చేతులు మారిన బొటనవేలంత ఫొటో పంపుతాడు. అచ్చయ్యాక నాయకుడి మీసమూ బుగ్గా కలిసిపోతాయి. 4కె తెర మీద పాత సాఫ్ట్‌వేర్‌కి పట్టే గతి సరిగ్గా ఇదే. సాగదీసింది అక్షరాన్ని కాదు, అక్షరం ఫొటోని. సాగదీత 150 శాతమైతే రెండు చుక్కలు మూడవ్వాలి. మధ్యలో పుట్టే మూడో చుక్క నల్లనా తెల్లనా తేల్చుకోలేక బూడిదరంగు పూసుకుంటుంది. 125 శాతం దగ్గర నాలుగు చుక్కలు అయిదవ్వాలి, అదింకా తగువు. 200 శాతమైతే ఒక చుక్క సరిగ్గా నాలుగు చుక్కల చదరమవుతుంది, లెక్క తెగుతుంది. ఇరవై ఏడంగుళాల 4కెకి విండోస్ తనంతట తాను సూచించేది 150. పదిహేనున్నర అంగుళాల ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్‌కి 125. ఈ రెండు కొలతలకీ తగువు పడే అంకెలే దక్కాయి.

విస్టా తర్వాత ఈ ఏర్పాటు కొన్ని మెట్లెక్కింది. మొదట్లో ప్రోగ్రాముకి ఒకటే లెక్క తెలిసేది: లాగిన్ అయినప్పుడు ప్రధాన తెరకి ఎంత ఉందో అంత. 2013లో విండోస్ 8.1తో ఒక్కో తెరకి ఒక్కో లెక్క చెప్పే వీలొచ్చింది. 2017 నాటి విండోస్ 10 నవీకరణలో అది ఇంకా గట్టిపడి, మెనూలూ కిటికీ అంచులూ వాటంతటవే కొలత మార్చుకునే స్థాయికి వచ్చింది. అయితే వీలు కల్పించడం విండోస్ వంతు, వాడుకోవడం ప్రోగ్రాము రాసినవాడి వంతు. అందుకే ల్యాప్‌టాప్ పక్కన ఇంకో మానిటర్ పెట్టుకున్నవాళ్లకి, ఇక్కడ శుభ్రంగా ఉన్న కిటికీ అటు లాగగానే మబ్బు పట్టడం మామూలు. సైన్ అవుటై మళ్లీ లోపలికొస్తే చాలాసార్లు విడిపోతుంది. ఇది మంత్రం కాదు, లాగిన్ నాటి లెక్క మళ్లీ మొదటి నుంచి వేయించడం. ఇల్లే ఆఫీసుగా కొత్తపేట నుంచో రాజోలు నుంచో దూరపు కంపెనీ కంప్యూటర్‌లోకి రిమోట్‌గా వెళ్లి పనిచేసే పిల్లల మసక దీనికి పినతల్లి బిడ్డ. అవతలి పాత సర్వర్‌కి ఇవతలి తెర లెక్క తెలియదు, చిన్నగా పంపిన బొమ్మని ఇక్కడ పెద్దది చేసుకోవాలి.

ఇంతవరకూ చెప్పింది ఏ భాషకైనా వర్తిస్తుంది. తెలుగుకి దీని మీద ఇంకో రెండు దెబ్బలున్నాయి. ఇంగ్లీషులో రాసే సమీక్షల్లో వాటి ఊసు ఉండదు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

మొదటిది మన గుండ్రటి ఒళ్లు. అమలాపురం పక్కనే బండారులంకలో మగ్గం పని తెలిసినవాళ్లు ఉన్నారు. చీర మీద బుటా వెయ్యాలంటే ముందు గళ్ల కాగితం మీద దించాలి. నిలువు గీతా అడ్డ గీతా గళ్లలో ఇట్టే కూర్చుంటాయి. మామిడి పిందె వంపు దగ్గరికొచ్చేసరికి మెట్లు పడతాయి. తెర కూడా గళ్ల కాగితమే. ఇంగ్లీషు ఎల్, ఐ, టి, ఎమ్ అక్షరాల్లో నిటారు గీతలే ఎక్కువ. మన క, ర, ల, శ చూడండి, నిటారుగా నిలబడ్డ గీత ఎక్కడుంది? తాటాకు చిరగకుండా గంటం తిప్పీ తిప్పీ వచ్చిన గుండ్రదనం అంటారు దాన్ని. తాటాకుకి నప్పిందే గళ్లకి అడ్డమొచ్చింది.

తెర అక్షరాల్ని నునుపు చేసే క్లియర్‌టైప్ అనే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 1998లో ప్రకటించింది. 2001లో ఎక్స్‌పీలో చేర్చినా అడిగితేనే పనిచేసేది. విస్టా నుంచి అడక్కుండానే పనిచేస్తోంది. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలు పక్కపక్కన ఉంటాయి కదా, వాటిని విడివిడిగా వెలిగించి అడ్డంగా మూడింతల వివరం పిండుకోవడం అందులో కిటుకు. ఈ పిండుకోవడమంతా అడ్డదిశలోనే. విండోస్ పాత జీడీఐ పద్ధతిలో అక్షరాలు గీసే ప్రోగ్రాముల్లో పైనుంచి కిందికి నునుపు చేసే పనే లేదు. నిటారు గీతల లిపికి అది చాలు. తలకట్టు నుంచి పొట్ట మీదుగా దొర్లే మన అక్షరానికి పైవంపూ కిందివంపూ మెట్లుగానే మిగిలాయి. 2009లో విండోస్ 7తో వచ్చిన డైరెక్ట్‌రైట్ అనే కొత్త పద్ధతి నిలువు దిశలోనూ నునుపు తెచ్చింది. క్రోమ్ బ్రౌజర్ 2014లో 37వ వెర్షన్‌తో దానికి మారాక తెలుగు వెబ్ పేజీలు ఒక్కసారిగా కడిగినట్టు కనపడ్డ సంగతి నాకు బాగా గుర్తు. డైరెక్ట్‌రైట్ జోలికి పోని పాత ప్రోగ్రాములు మాత్రం అక్కడే ఉండిపోయాయి. వాటి రంగు అంచుల అక్షరాన్ని 4కె తెర మీద మళ్లీ సాగదీస్తే ఆ రంగులూ సాగుతాయి. షాపాయన తెర మీద నల్ల అక్షరం చుట్టూ నేను చూసిన ఎరుపూ నీలం ఆవిరి అదే.

ఫాంటు తయారీలో హింటింగ్ అనే పని ఒకటుంది. చిన్న సైజులో ఏ గీత ఏ గడిలో కూర్చోవాలో అక్షరానికి లోపలే చెప్పి పెట్టడం. మాథ్యూ కార్టర్ గీసిన వర్డానాకి టామ్ రిక్నర్ చేతి పనిగా ఆ సూచనలు రాశాడు. 1996లో వచ్చిన ఆ ఫాంటు చిన్న తెరల మీద అంత స్పష్టంగా ఉందంటే సగం పుణ్యం ఆ చాకిరీదే. ఇంగ్లీషుకి పెద్దబడి చిన్నబడి కలిపి యాభై రెండు అక్షరాలు. మనకి హల్లులూ, గుణింతాలూ, ఒత్తులూ కలిపి గీయాల్సిన రూపాలు వందల్లోకి వెళ్తాయి. వాటన్నిటికీ చేత్తో సూచనలు రాసే ఓపికా డబ్బూ ఎవరు పెడతారు? పైగా ఒత్తుకి కింద చోటు వదలాలి కనక, అదే 12 చుక్కల ఎత్తులో మన అక్షరానికి అసలు దక్కేది సగమో, కొంచెం పైనో. ఆ సగంలో 'థ' చుక్కకి వచ్చే వాటా ఒకే ఒక్క చుక్క.

రెండో దెబ్బ మనం చేతులారా తెచ్చుకున్నది, లేదా మనకి వేరే దారి లేక పట్టుకున్నది. కోనసీమలో శుభలేఖలూ, కరపత్రాలూ, దినకర్మ కార్డులూ ఇవాళ్టికీ ఎక్కువగా పుట్టేది పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో. పేజ్‌మేకర్ 1985లో ఆల్డస్ కంపెనీ తెచ్చింది, 1994లో అడోబీ చేతికొచ్చింది, 2001 నాటి 7.0తో ఆగిపోయింది. 4కె తెరలు ఇళ్లలోకి రాకముందే కన్నుమూసిన ప్రోగ్రాముకి చుక్కల లెక్క ఎక్కణ్నుంచి తెలుస్తుంది? అది ఎప్పుడూ అబద్ధం చెప్పించుకునే వర్గంలోదే.

దానికి తోడైన ఫాంట్లు యూనికోడ్‌కి ముందు తరానివి. ఆ ఫాంటులో ఇన్నూటి పైచిలుకు గదులే ఉంటాయి. తెలుగు రూపాలన్నీ అందులో పట్టవు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు: ఒళ్లు ఒక గదిలో, తలకట్టు ఒక గదిలో, గుడి ఒకచోట, ఒత్తు ఒకచోట. మనం కొట్టేటప్పుడు ముక్కలు పక్కపక్కనా పైనా కిందా చేరి అక్షరంగా కనపడతాయి. చాలా తెలివైన ఏర్పాటు, రెండు తరాల తెలుగు అచ్చుని అదే మోసింది. కాని జీడీఐ ప్రతి ముక్క వెడల్పునీ పూర్తి చుక్కలకి కుదిస్తుంది. అరచుక్క మిగిలితే అటో ఇటో నెట్టేస్తుంది. ఒంటి అక్షరాల లిపిలో అది మాటల మధ్య ఎడం మార్చి ఊరుకుంటుంది. మన దగ్గర తలకట్టు పక్కకి తప్పుకుంటుంది, గుడి అక్షరం మీంచి జారుతుంది. ప్రింటరు అంగుళానికి 600 చుక్కలు వేస్తుంది కాబట్టి కాగితం మీద ఈ తప్పు కనపడదు. తెరని నమ్మకూడదు, ప్రూఫునే నమ్మాలి అని పాత కంపోజిటర్లు అనేది చాదస్తం అనుకునేవాణ్ని. వాళ్లు అనుభవంతో చెప్పిందే జీడీఐ లెక్క కూడా చెబుతోంది.

యూనికోడ్ వైపు వెళ్తే సగం బాధ తీరుతుంది. 1991లోనే తెలుగుకి అందులో చోటు దొరికింది. 2001లో ఎక్స్‌పీతో విండోస్‌లోకి వచ్చిన తెలుగు ఫాంటు పేరు గౌతమి. కోనసీమకి ఒక వైపు పారే గోదావరి పాయ పేరే కావడంతో మావాళ్లు దాన్ని సొంతమనుకున్నారు. నదికున్న ఒడుపు మాత్రం ఫాంటుకి లేదు. మెనూ సైజులో దాన్ని చదవడం ఓ పరీక్ష. అప్పట్లో తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లే దిక్కయ్యాయి. విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మలా యూఐ వచ్చాక తెర మీద తెలుగు తేరుకుంది. ప్రభుత్వం, సిలికానాంధ్ర కలిసి 2010ల మొదట్లో తెచ్చిన మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, గిడుగు వంటి ఫాంట్లు ఇవాళ గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో మండలి ఒక్కటే చదువుకునే మ్యాటరుకి నిలబడుతుందని నా అభిప్రాయం, మిగతావి చాలావరకు శీర్షికల సొగసు. ఇన్‌డిజైన్ 2012 నాటి సీఎస్6 నుంచి మన లిపుల్ని కూర్చగలుగుతోంది. ఆ దారి పట్టినవాళ్లకి ఈ వ్యాసం అక్కర్లేదు. యూనికోడ్ అయితే చాలు చిక్కులుండవని కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరాన్ని ఒక రకంగా కూర్చి పంపితే చాలు ఐఫోన్లు కుప్పకూలేవి, ఆపిల్ హడావిడిగా ఐఓఎస్ 11.2.6 నవీకరణ ఇచ్చుకుంది. జ్ఞానం అంత బరువని లోకానికి అప్పుడే తెలిసింది.

ఆపిల్, లినక్స్ సంగతి క్లుప్తంగా. ఆపిల్ 2012లో మ్యాక్‌బుక్‌కి రెటీనా తెర తెచ్చినప్పుడు అడ్డంగా నిలువుగా రెండింతలు అనే పూర్ణాంకం పట్టుకుంది, అరకొర లెక్కల జోలికి పోలేదు. కావాలంటే పెద్దగా గీసి కుదిస్తుంది తప్ప చిన్నది గీసి సాగదీయదు. కొత్త మ్యాక్‌లో అక్షరం బాగుండడానికి అది ముఖ్య కారణం. 2018లో మ్యాక్‌ఓఎస్ మొహావీ నుంచి రంగు పట్టీల నునుపు మానేయడంతో, అదే మ్యాక్‌కి మామూలు మానిటర్ తగిలిస్తే మాత్రం అక్షరం పల్చబడుతుంది. లినక్స్‌లో పాత ఎక్స్11 ఏర్పాటు తెరలన్నిటికీ ఒకే లెక్క పెట్టుకుంటుంది. వేలాండ్ వచ్చాక ఒక్కో తెరకి వేరే లెక్క సాధ్యమైనా, పాత ప్రోగ్రాములు ఎక్స్‌వేలాండ్ అనే వంతెన దాటి వస్తాయి కనక అక్కడా సాగదీతే. జావాలో రాసిన డెస్క్‌టాప్ ప్రోగ్రాములకి విండోస్, లినక్స్‌లలో ఈ తెలివి 2017లో జావా 9తో వచ్చింది.

మసకంతా సాఫ్ట్‌వేర్‌దే అనుకోవడం కూడా పొరపాటు. మా వైపు సగం షాపుల్లో కొత్త మానిటర్‌కి ఇంకా నీలం తలకాయ వీజీఏ తీగే ఉంటుంది. అది చుక్కల్ని చుక్కలుగా కాక అలలుగా మోస్తుంది, అవతలి వైపు మానిటర్ ఊహించి దింపుకోవాలి. హెచ్‌డీఎంఐ తీగ మార్చగానే కళ్లజోడు శుభ్రం చేసినట్టు ఉంటుంది. ఆ హెచ్‌డీఎంఐలోనూ పాత 1.4 రకం 4కెని సెకనుకి ముప్ఫై సార్లే మోస్తుంది, అరవై కావాలంటే 2.0 ఉండాలి. చవగ్గా వస్తోందని టీవీని మానిటర్‌గా పెట్టుకునేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి: చాలా టీవీలు రంగుల వివరాన్ని సగానికో పావుకో కుదించి చూపిస్తాయి. సినిమాకి తేడా తెలియదు. తెల్ల కాగితం మీద ఎర్ర అక్షరాల శుభలేఖ దిద్దేవాడికి తెలుస్తుంది. ఇక మానిటర్‌ని దాని సొంత రిజల్యూషన్ కంటే తగ్గించి, 'అక్షరం పెద్దగా కనపడుతోంది కదా' అని సంతృప్తిపడడం మా పెద్దవాళ్ల సొంత వైద్యం. అది మసకని మసకతో కడగడమే.

మరి పాత సాఫ్ట్‌వేర్ మాననివాడు ఏం చెయ్యాలి? ప్రోగ్రాము గుర్తు మీద కుడి నొక్కు నొక్కి ప్రాపర్టీస్‌లోకి, అక్కణ్నుంచి కంపాటిబిలిటీలోకి, హై డీపీఐ సెట్టింగుల్లోకి వెళ్తే మూడు దారులు కనపడతాయి. సిస్టమ్ అంటే పాత సాగదీతే. సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్ 2017లో చేరింది. ప్రోగ్రాము జీడీఐతో గీసే అక్షరాల్ని విండోస్ మధ్యలో అందుకుని పెద్ద సైజులో కొత్తగా గీస్తుంది. కొబ్బరికాయల బిల్లులూ ఖాతాలూ రాసుకునే పాత లెక్కల ప్రోగ్రాములకి దీన్ని మించింది లేదు. అంబాజీపేటలో ఒక కమిషన్ కొట్లో పెట్టి చూపిస్తే గుమాస్తా గారు మానిటర్ మార్చేశానేమోనని వెనక్కి వంగి చూశారు. కంపోజింగ్ పనిలో మాత్రం అది అక్కరకి రాలేదు. మెనూలు కడిగినట్టయ్యాయి, పేజీ అలాగే ఉండిపోయింది. పేజీని ప్రోగ్రాము చాటున బొమ్మగా తయారుచేసుకుని ఒక్కసారిగా అతికిస్తుంటే విండోస్ మధ్యలో అందుకునేది ఏముంది?

మూడో దారి పేరు అప్లికేషన్. సాగదీయడం పూర్తిగా మాని ప్రోగ్రాముని దాని మానాన వదిలేయడం. మెనూలు చీమలైపోతాయని అందరూ దీన్ని వద్దంటారు. పేజీ మేకప్ చేసేవాడికి ఇదే సరైనదని నేనంటాను. పేజీలో జూమ్ అతని చేతిలో ఉంది. 150కో 200కో పెంచుకుంటే ప్రోగ్రాము అక్షరాన్ని నిజంగానే పెద్దగా గీస్తుంది, ఫొటోని సాగదీయదు. ముక్కల ఫాంటుకి కూడా చుక్కలు పెరిగేకొద్దీ తలకట్టు జారేది తగ్గుతుంది. మెనూ అంటారా, ఇరవై ఏళ్లుగా అదే ప్రోగ్రాములో చెయ్యి తిరిగినవాడు మెనూ మొహం చూసి ఎన్నాళ్లయింది? వేళ్లకే అన్నీ తెలుసు.

ఇంకా మానిటర్ కొననివాళ్లకి నా సలహా పాతకాలపుది. పాత ప్రోగ్రాముతోనే బతకాలనుకుంటే ఇరవై నాలుగు అంగుళాల ఫుల్ హెచ్‌డీ కొని 100 శాతంలో పెట్టుకోవడం మేలు. ఆ 92 చుక్కల తెర ఆనాటి 96 లెక్కకి దగ్గర చుట్టం. 4కె మీదే మోజుంటే ఇరవై నాలుగు అంగుళాలది వెతికి 200 శాతంలో పెట్టుకోవాలి. ఇరవై ఏడంగుళాలు చూడ్డానికి దర్జాయే గాని, పాత సాఫ్ట్‌వేర్‌కి అది రెంటికీ చెడ్డ రేవడి.

మళ్లీ షాపుకి వెళ్లినప్పుడు ఆయన తెర మీద మూడో దారే పెట్టాం. మెనూలు చూసి మొదట నొచ్చుకున్నాడు గాని, కంట్రోల్ మీద వేలు పడగానే ఆ సంగతి మర్చిపోయాడు. పేజీ పెద్దది చేసి 'రథోత్సవం' దగ్గర ఆగాడు. చుక్క నల్లగా, గుండ్రంగా, పొట్ట మధ్యలో ఉంది. "ఉందండి!" అన్నాడు. అని, ఎప్పటిలాగే ఒక కాపీ ప్రింటు తీసి, గుమ్మం దగ్గర వెలుతుర్లోకి పట్టుకెళ్లి, పెన్ను మొనతో ఆ చుక్క మీద ఒకసారి తట్టి చూసుకుని, అప్పుడు ఆఫ్‌సెట్‌కి పంపాడు.